గట్టు మీది దడి, హద్దు మీది చెట్టు: పొరుగువారితో పేచీ లేకుండా తేల్చుకునే క్రమం

పక్కింటి వేపకొమ్మ మా పెంకుల మీదికి వచ్చింది, నరకవచ్చునా? గోరింట దడి ఏటేటా మా వైపుకి జరుగుతోంది, ఎవరికి చెప్పుకోవాలి? దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం ప్రాంతాల నుంచి ఇటువంటి ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నందువల్ల, అన్నిటికీ కలిపి, చేయవలసిన పనులను చేయవలసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఆ వరుసే ఇందులో అసలు విషయం. ముందు గీత, తరవాత చెట్టు మొదలు, ఆ తరవాత కొమ్మ, చివరికి ఒప్పందం కాగితం. నా దగ్గరికి వచ్చిన పేచీలలో ఎక్కువ భాగం ఈ వరుసను తిరగేసి, అంటే ముందు కొమ్మ నరికి, తరవాత గీత ఎక్కడుందో వెతుక్కున్నందువల్ల ముదిరినవే.

## 1. మీ పేచీ ఏ రకానిదో ముందుగా తేల్చుకోండి

పైకి అన్నీ చెట్టు తగవులుగానే కనిపించినా లోపల నాలుగు వేరు వేరు ప్రశ్నలు ఉంటాయి. మీది ఏదో తెలియకుండా మొదలుపెడితే, ఆకు గురించి మాట్లాడబోయి భూమి గురించి పోట్లాడుకుంటారు.

- హద్దు ఎక్కడ అన్న ప్రశ్న: దడి జరిగింది, రాయి కనిపించడం లేదు, చెట్టు ఎవరి నేలలో ఉందో తెలియదు. ఇది భూమి పేచీ. 2, 3 భాగాలు తప్పనిసరిగా చదవండి.
- హద్దు విషయంలో ఇద్దరికీ ఒప్పుదలే, కాని కొమ్మలు, వేర్లు, రాలిన ఆకులు, నీడ ఇబ్బంది పెడుతున్నాయి. 4, 5, 6 భాగాలు చాలు.
- చెట్టు పడిపోయేలా ఉంది. అన్నీ పక్కన పెట్టి నేరుగా 8వ భాగానికి వెళ్ళండి.
- పండ్లు, పూలు, కలప ఎవరివి అన్న ప్రశ్న. 4, 7 భాగాలు చూడండి.

## 2. కాగితాలు సిద్ధం చేసుకోవడం

పొరుగువారి గుమ్మం ఎక్కే ముందే ఈ పని పూర్తి కావాలి. ఒడిశాలో హద్దుకు ఆధారం మూడు కాగితాలు: పట్టా (హక్కుల రికార్డు), మౌజా నక్ష (రెవెన్యూ గ్రామ పటం), మీ దస్తావేజులోని చౌహద్ది (నాలుగు వైపుల హద్దుల వివరం). ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు దస్తావేజు ఒక్కటే చూసుకొని ధైర్యంగా ఉంటారు గాని, చౌహద్దిలో "తూర్పున ఫలానావారి ఇల్లు" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ఎన్ని అడుగుల దూరంలో మొదలవుతుందో తెలియదు.

సేకరించవలసినవి:

- ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో మీ మౌజా, ఖాతా నంబరు, ప్లాట్ నంబరుతో తీసిన పట్టా వివరాలు. ఇంట్లో చూసుకోవడానికి ఇది చాలు. అధికారికంగా చూపించవలసి వస్తే తహశీలు కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి.
- పొరుగు ప్లాటు నంబరు, దాని విస్తీర్ణం, కిసం (భూమి రకం). ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందో, వ్యవసాయ భూమి అని ఉందో, ప్రభుత్వానిదో ఇందులో తెలుస్తుంది. మీకు, పొరుగువారికి మధ్య సన్నటి ప్రభుత్వ దారి గాని, కాలువ గాని ఉంటే ఆ చెట్టు మీ ఇద్దరిదీ కాకపోవచ్చు.
- మౌజా నక్షలో ఆ రెండు ప్లాట్లు ఉన్న భాగం.
- మీ దస్తావేజు, అంతకు ముందు చేతులు మారిన దస్తావేజు.
- దడి, చెట్టు పాత ఫొటోలు. పెళ్ళి ఫొటోల వెనకాల కనిపించే పెరడు కూడా ఎన్నోసార్లు పనికివచ్చింది.

ఒక హెచ్చరిక. పట్టా ఒడియా లిపిలో ఉంటుంది. మన పిల్లలు ఒడియా బడిలో చదివినవారైతే ఇబ్బంది లేదు గాని, పెద్దవారిలో చాలామందికి మాట్లాడడం వచ్చినా చదవడం రాదు. అంకెలను కూడా ఊహించి చదవవద్దు, తెలిసినవారి చేత పక్కన తెలుగులో రాయించుకోండి.

### కొలతల దగ్గర జరిగే పొరపాటు

ఒడిశా పట్టాలో విస్తీర్ణం ఎకరాల్లోను, డిసిమిళ్ళలోను ఉంటుంది. ఎకరానికి 100 డిసిమిళ్ళు, అంటే ఒక డిసిమిల్ 435.6 చదరపు అడుగులు. ఇది ఆంధ్రలో మనం చెప్పుకొనే సెంటుకు సమానమే కాబట్టి చిక్కు లేదు.

చిక్కు గుంట దగ్గర వస్తుంది. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణలో 40 గుంటలు. కనుక ఇక్కడి గుంట 1,742.4 చదరపు అడుగులైతే, అక్కడి గుంట 1,089 మాత్రమే. "రెండు గుంటల స్థలం" అని నోటిమాటగా చెప్పుకొన్న బేరాల్లో ఎవరి గుంట అని అడగకపోతే, తేడా వెయ్యి చదరపు అడుగుల పైనే ఉంటుంది. మాట్లాడేటప్పుడు గుంట మాట వదిలి డిసిమిల్ లేదా చదరపు అడుగు మాత్రమే వాడండి.

## 3. నేల మీద గీత గీయడం

ఓపిక అంతా ఖర్చు పెట్టవలసిన చోటు ఇదే.

### 3.1 నక్ష ఎంతవరకు చెప్పగలదు

మౌజా నక్ష తెచ్చుకొని, దాని మీద స్కేలు పెట్టి, "చూడండి, మీ దడి మా లోపల ఒకటిన్నర అడుగు ఉంది" అని చూపించేవారిని నేను చూశాను. అది కుదరని పని. నక్ష 16 అంగుళాలకు ఒక మైలు లెక్కన గీసినదైతే, కాగితం మీద ఒక అంగుళం నేల మీద 330 అడుగులు. కాగితం మీది గీత మందమే అర మిల్లీమీటరు ఉంటే, నేల మీద అది ఆరున్నర అడుగులు. మీరు ఏ ఒకటిన్నర అడుగు కోసం మాట్లాడుతున్నారో అది ఆ సిరా గీత లోపలే దాగి ఉంది. ఆ నక్షను ఇంకా జెరాక్సు తీయించి, ఫోనులో పెద్దది చేసి చూస్తే గీత పెద్దదవుతుందే గాని నిజం పెద్దది కాదు.

పట్టాలో విస్తీర్ణం కూడా ఇంతే. పాత పట్టాలో పూర్ణ డిసిమిళ్ళు మాత్రమే రాసి ఉంటే, సర్దుబాటులో అర డిసిమిల్ వరకు, అంటే సుమారు 218 చదరపు అడుగులు, అటో ఇటో పోయి ఉండవచ్చు. 60 అడుగుల పొడవు దడి వెంట దాన్ని పరిచి చూస్తే మూడున్నర అడుగుల వెడల్పు పైబడుతుంది.

అందువల్ల నక్ష ఆకారాన్ని, వరుసను, మలుపులను చెబుతుంది. అడుగులు చెప్పగలిగినది నేల మీద నిలిచి ఉన్న పాత గుర్తులు, వాటి నుంచి కొలిచిన దూరాలు.

### 3.2 ఇంటివారే ముందుగా కొలుచుకోవడం

అమీన్‌ను (ప్రభుత్వ భూమి కొలతల ఉద్యోగిని) పిలిచే ముందు ఇద్దరూ కలిసి ఒకసారి కొలుచుకుంటే సగానికి సగం సందేహాలు తీరిపోతాయి. ఫిబ్రవరి నుంచి మే లోపల, దడి ఆకు పలచబడి నేల పొడిగా ఉన్నప్పుడు చేయండి. వానలు పడ్డాక మొదలు కనిపించదు, పాముల భయం కూడా ఉంటుంది.

కావలసినవి: 30 మీటర్ల ఉక్కు లేదా ఫైబర్ టేపు (గుడ్డ టేపు లాగితే సాగుతుంది), గట్టి పురికొస, నాలుగు ఇనుప మేకులు, సున్నం, కాగితం, రెండు ఫోన్లు.

1. నాలుగు మూలల్లో హద్దురాళ్ళు ఉన్నాయేమో వెతకండి. రాయి కనిపించకపోతే చుట్టూ జానెడు లోతు మట్టి జాగ్రత్తగా తీసి చూడండి. దొరికిన రాయిని కదపవద్దు, నిలబెట్టవద్దు, ఉన్నది ఉన్నట్టే ఫొటో తీయండి.
2. రాళ్ళు దొరకకపోతే, పట్టాకు ముందు నుంచీ కదలనివి మూడు ఎంచుకోండి: పాత బావి గట్టు, గుడి గోడ, రోడ్డు కూడలి. ఒక్క గుర్తు చాలదు. రెండు చోట్ల నుంచి కొలిచినది సరిపోతే మూడవది సాక్ష్యం.
3. టేపును నేల వాలు వెంట పరచకుండా మట్టంగా పట్టుకోండి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండ వాలు మీద ఉన్న ఇళ్ళలో ఈ ఒక్క తప్పుతోనే అడుగు తేడా వస్తుంది. వాలు ఎక్కువైతే మెట్లు మెట్లుగా కొలవండి.
4. మూల మట్టం చూడడానికి ఒక వైపు 3 అడుగులు, రెండవ వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, వాటి మధ్య దూరం కొలవండి. సరిగ్గా 5 అడుగులు వస్తే అది లంబకోణం. నక్షలో ఆ మూల వంకరగా ఉంటే మట్టం చేయడానికి ప్రయత్నించవద్దు, వంకరే నిజం.
5. రెండు మూలల మధ్య పురికొస బిగించి, దాని వెంట సున్నం చల్లండి.
6. అదే కొలత వెనక్కి తిరిగి మళ్ళీ తీయండి. రెండింటికీ తేడా రెండు అంగుళాలు దాటితే మొదటి నుంచి చేయండి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దడి మొత్తం పడగొట్టింది. కరెంటు లేదు, పశువులు దొడ్డిలోకి వస్తున్నాయి, దొరికిన గుంజలు దొరికిన చోట పాతి ముళ్ళకంప కట్టేశాము. మూడేళ్ళ తరవాత నేను ఆ గుంజల నుంచే తాడు లాగి, పక్కవారి గోరింట అంతా మా వైపుకి వచ్చిందని కత్తిరించేశాను. తరవాత బావి గట్టు నుంచి కొలిస్తే, ఒక కొసన నా గుంజే రెండు అడుగులు అవతల ఉంది. ఆ ఏడాది పక్కింటివారు మా ఇంటి శుభకార్యానికి రాలేదు. గుంజ హద్దు కాదని, ఎవరో ఒక రోజు నిలబెట్టిన కర్ర మాత్రమేనని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. తుపాను తరవాత మళ్ళీ నిలబెట్టిన ఏ దడినైనా మీరు కూడా ముందు అనుమానంతోనే చూడండి.

### 3.3 అమీన్‌తో అధికారిక హద్దు నిర్ధారణ

ఇంటి కొలత కుదరకపోతే తహశీల్దారుకు డిమార్కేషన్ దరఖాస్తు పెట్టాలి. దానికి పట్టా నకలు, గుర్తింపు కార్డు జతచేసి, రుసుము కట్టి రసీదు తీసుకోండి. పక్క ప్లాట్లవారికి నోటీసు వెళ్ళిన తరవాత అమీన్ వచ్చి కొలుస్తారు.

ఆ రోజు మీరు చూసుకోవలసినవి:

- ప్లాటుకు ఆనుకొని ఉన్న అందరికీ నోటీసు అందిందా? ఒక్కరికి అందకపోయినా కొలత తరవాత చెల్లదనే వాదన వస్తుంది.
- అమీన్ ఏ స్థిరమైన గుర్తు నుంచి మొదలుపెట్టారు? ఆ మాట నివేదికలో రాయమని మర్యాదగా అడగండి.
- దడి లోపలి అంచు, బయటి అంచు, చెట్టు మొదలు, ఈ మూడు దూరాలూ పటంలో చేరాయా?
- పాతిన గుర్తులకు అదే రోజు ఫొటోలు తీశారా?

ప్రభుత్వోద్యోగి అధికారంతో పాతిన హద్దు గుర్తును పీకడం, జరపడం భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షను కింద నేరం. ఒక సంవత్సరం వరకు జైలు పడవచ్చు. నాగలి తగిలి ఒరిగినా సొంతంగా సరిచేయకుండా ఇద్దరూ కలిసి చూసి, కార్యాలయానికి రాసి చెప్పండి.

## 4. కంచె ఎవరిది, చెట్టు ఎవరిది

గీత తేలాకనే ఈ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

చెట్టు యాజమాన్యాన్ని దాని మొదలు నిర్ణయిస్తుంది. మొదలు నేలలోంచి ఎక్కడ పైకి వచ్చిందో ఆ నేల యజమానిదే చెట్టు, కొమ్మలు ఎటు వాలినా సరే. నిలుచున్న చెట్టు పైన ఒరిగి ఉంటే పై నుంచి తాడు వేలాడదీసి చూడకండి, నేల దగ్గరి మొదలునే చూడండి.

మొదలు గీత మీదనే ఉంటే అది ఇద్దరి ఉమ్మడి చెట్టు. ఒకరి ఇష్టంతో నరకడం కుదరదు. ఎవరు నాటారు, ఎవరు నీళ్ళు పోశారు అన్నది న్యాయంలో కంటే మాటల్లోనే ఎక్కువ బరువు తూగుతుంది, కాని మాటల్లో ఆ బరువును గౌరవించడం మంచిది.

దడి విషయంలో కొంచెం భిన్నం. జీవకంచెకు మందం ఉంటుంది, గీతకు ఉండదు. రెండు అడుగుల మందం ఉన్న జెముడు దడిలో గీత లోపలి అంచునా, నడుమనా, బయటి అంచునా? ఆధారం లేనప్పుడు మొక్కల మొదళ్ళ వరుసను చూడండి. వరుస పూర్తిగా ఒక వైపు ఉంటే దడి ఆ వైపువారిది. కొన్ని అటు, కొన్ని ఇటు ఉంటే ఉమ్మడిగా ఒప్పుకోవడమే ఉత్తమం.

గంజాం తీరంలో, ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు, పొలం గట్టుమీది మొగలి పొదే దడి. అక్కడ కంచె అంటే ఆదాయం. వాసన పువ్వు మగపొదకే వస్తుంది, దాన్ని అత్తరు బట్టీలవారు కొంటారు. కనుక ఆ గట్ల దగ్గర దడి ఎవరిదని తేల్చడంతో పాటు ఏ పొద పువ్వు ఎవరు కోసుకోవాలో పొదకు ఒక గుర్తు వేసి రాసుకోవాలి. గుర్తు వేసేటప్పుడు పొదలు పిలకలతో పక్కకు పాకుతాయన్న సంగతి మరవవద్దు. మూల పొదకే గుర్తు వేయండి.

పన్నెండు సంవత్సరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరి నేలను మరొకరు బాహాటంగా, తమదేనంటూ, ఆటంకం లేకుండా 12 సంవత్సరాలు అనుభవిస్తే, 1963 నాటి కాలపరిమితి చట్టం (లిమిటేషన్ యాక్ట్) ప్రకారం అసలు యజమాని దావా హక్కు కోల్పోయే ప్రమాదం ఉంది. పాకుతున్న దడిని "పోనీలే" అని ఊరుకొనేవారు కనీసం ఒక ఉత్తరం రాసి, నకలు దాచుకోవాలి. వేలాడే కొమ్మకు మాత్రం ఇది వర్తించదు. ఎన్నేళ్ళు వాలి ఉన్నా కొమ్మ వల్ల పక్కవారి పెరటి మీద హక్కు పుట్టదు.

## 5. మాట్లాడే రోజు

పంట పనులు, పరీక్షలు, ఇంట్లో అశుభం లేని రోజు చూసుకొని, ఒక్కరే వెళ్ళండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే అది మాట కాదు, పంచాయితీ. మొదటి మాటలో చెట్టును తప్పుపట్టకుండా పనిని ముందు పెట్టండి.

"మావయ్యా, మీకు తీరిక ఉన్న రోజు చెబితే దడి దగ్గర ఇద్దరం కలిసి టేపు పట్టి చూసుకుందాం. మా పట్టా, నక్ష నా దగ్గర ఉన్నాయి. మీవి కూడా తెస్తే ఒక పూటలో అయిపోతుంది."

పెద్దావిడ అయితే "అప్పా" అని, ఒడియావారైతే "మౌసా" అని మొదలుపెట్టి, వారి భాషలోనే మొదటి రెండు వాక్యాలు చెప్పండి. వచ్చీరాని ఒడియా అయినా పరవాలేదు, ఆ ప్రయత్నమే కూర్చోమని పీట వేయిస్తుంది.

వెళ్ళే ముందు మనసులో మూడు విషయాలు సిద్ధంగా ఉంచుకోండి: మీకు తప్పనిసరిగా కావలసినది (ఉదాహరణకు పెంకుల మీది కొమ్మ పోవాలి), వదులుకోగలిగినది (ఆకులు మేమే ఊడ్చుకుంటాము), మీరు ఇవ్వగలిగినది (కూలి సగం). మూడవది లేకుండా వెళ్తే అది ఫిర్యాదుగానే వినిపిస్తుంది.

## 6. కొమ్మ నరకడం, వేరు కోయడం

### 6.1 హక్కు ఎంతవరకు

మీ గీత దాటి లోపలికి వచ్చిన కొమ్మను, వేరును మీ నేలలోనే నిలబడి, గీత వరకే కోసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ లెమన్, వెబ్ అనే ఇద్దరి మధ్య వ్యాజ్యంలో ఈ సూత్రాన్ని స్థిరపరిచింది, మన న్యాయస్థానాలు కూడా దీన్నే అనుసరిస్తూ వచ్చాయి. అయితే మూడు హద్దులున్నాయి.

- పక్కవారి పెరట్లో అడుగు పెట్టకూడదు, వారి చెట్టు ఎక్కకూడదు.
- గీత దాటి ఒక్క అంగుళం కూడా ఎక్కువ కోయకూడదు.
- కోసిన కొమ్మ, దాని కాయలు చెట్టు యజమానివే. గీతకు అవతల పెట్టి చెప్పండి, లేదా ఉంచుకోమన్న మాట తీసుకోండి.

ముందుగా చెప్పడం చట్టపరంగా తప్పనిసరి కాకపోయినా, వారం రోజుల ముందు చెప్పకుండా నేను ఎవరినీ కత్తి పట్టమనను.

### 6.2 కోసే పద్ధతి

అడ్డంగా ఒకే దెబ్బతో నరికితే కొమ్మ బరువుకు బెరడు మొదలు దాకా చీరుకుపోతుంది. చెట్టు చచ్చిపోతే నష్టపరిహారం మాట వస్తుంది. మూడు కోతలు వేయండి.

1. ఉంచదలచిన చోటుకు ఒక అడుగు అవతల, కింది నుంచి పైకి, మూడవ వంతు మందం వరకు రంపంతో కోయండి.
2. దానికి రెండు అంగుళాలు అవతల, పై నుంచి కిందికి పూర్తిగా కోయండి. బరువు దిగిపోతుంది.
3. మిగిలిన ముక్కను, కొమ్మ మొదలు దగ్గర ఉబ్బెత్తుగా కనిపించే మెడను ఆనుకొని, మెడను కోయకుండా తీసేయండి.

మూడవ కోత చెట్టు మొదలు దగ్గర పడుతుంది కాబట్టి అది గీతకు అవతల ఉంటే యజమాని అనుమతి కావాలి. అనుమతి అడగడానికి ఇదే మంచి కారణం: "గీత దగ్గర కోస్తే మోడు మిగిలి కుళ్ళుతుంది, మొదలు దగ్గర కోస్తే చెట్టుకే మంచిది."

ఒక ఏడాదిలో చెట్టు గుబురులో నాలుగవ వంతుకు మించి తీయవద్దు. మామిడిని కాపు దిగిన తరవాత కోయండి. మునగ కొమ్మ పెళుసు కాబట్టి అక్టోబరు గాలులకు ముందే తగ్గించండి. జెముడు, జిల్లేడు కోసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

వేరు కోతలో ఇంకా జాగ్రత్త కావాలి. మొదలు వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల వేరు కోస్తే చెట్టు గాలికి నిలవదు. ఒక అడుగు లావు మొదలైతే మూడు అడుగుల లోపల కత్తి పెట్టవద్దని అర్థం, అయిదు అడుగులు వదిలితే ఇంకా మంచిది. మీరు వేర్లు కోసిన చెట్టు మరుసటి తుపానుకు పక్కవారి ఇంటి మీదే పడితే, సమాధానం చెప్పవలసింది మీరు.

గోడలో మొలిచిన రావి మొక్క సంగతి వేరు. నరకడానికి మనవాళ్ళకు చేతులు రావు, అలా చూస్తూ ఉండగానే గోడ చీలుతుంది. జానెడు ఉన్నప్పుడే వేరుతో సహా తీసి గుడి ఆవరణలో నాటితే ఎవరికీ మనసు నొచ్చదు.

కరెంటు తీగకు తగిలే కొమ్మను మీరు గాని, పక్కవారు గాని ముట్టుకోవద్దు. విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, సరఫరా ఆపిన తరవాత వారి మనుషుల చేతనే కోయించండి.

### 6.3 చెట్టు మొత్తం కొట్టాలంటే

టేకు వంటి కలప చెట్లను సొంత పెరట్లోవైనా కొట్టే ముందు, ముఖ్యంగా దుంగలను బండి ఎక్కించే ముందు, అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అడగండి. ఒడిశాలో కలప రవాణాకు టీటీ పర్మిట్ అనే అనుమతి పద్ధతి 1980 నాటి నియమాల ప్రకారం ఉంది. గజపతి, గంజాం నుంచి శ్రీకాకుళం వైపు కలప దాటించేవారికి రెండు రాష్ట్రాల తనిఖీలు ఎదురవుతాయి.

## 7. ఒప్పందం కాగితం

మాట కుదిరిన రోజే, వేడి తగ్గక ముందే రాసుకోండి. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండింటి మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఈ నమూనా వాడుకోవచ్చు:

"____ మౌజా, ప్లాట్ నంబర్లు ____, ____ యజమానులమైన మేమిద్దరమూ ____ తేదీన కలిసి కొలిచి, బావి గట్టు నైరుతి మూల నుంచి ____ అడుగుల ____ అంగుళాల దూరంలో మొదలై ____ అడుగుల పొడవున సాగే గీతను మా మధ్య హద్దుగా గుర్తించాము. గీతకు తూర్పున ఉన్న గోరింట దడి ____ గారిది. దాని ఎత్తు వీధి వైపు 4 అడుగులు, పెరటి వైపు 6 అడుగులు దాటనివ్వరు. ఏటా మే నెలలోను, సెప్టెంబరులోను కత్తిరిస్తారు. పడమటి వైపు కోతకు ____ గారు తమ పెరట్లోకి రానిస్తారు. గీత మీది పనస ఉమ్మడి, కాయలు చెరి సగం. ఇవతల రాలిన మామిడికాయలు ఇవతలివారివి, చెట్టు మీదివి చెట్టు యజమానివి."

ఒప్పందంలో ఉన్నాయా అని చూసుకోండి:

- గీత ఏ స్థిరమైన గుర్తు నుంచి, ఎంత దూరం
- దడి ఎత్తు, మందం, కోత నెలలు, కూలి ఎవరిది
- రాలిన కాయలు, కోసిన కాయలు, ఎండు కట్టె
- తుపానుకు పడితే తొలగింపు ఖర్చు
- ఇల్లు అమ్మితే కొన్నవారికి ఈ కాగితం చూపించే బాధ్యత

గీత ఎక్కడుందో గుర్తించడం వేరు, ఒక ముక్క ఇచ్చి ఇంకో ముక్క తీసుకోవడం వేరు. రెండవది బదిలీ కిందికి వస్తుంది, దానికి రిజిస్ట్రేషను కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో, అంటే మన వైపు రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాల్లోను, గజపతిలో ఆర్. ఉదయగిరి తహశీలు, గుమ్మా, రాయగడ బ్లాకుల వంటి చోట్లలోను, ఆదివాసీ పొరుగువారి నేలలో ఒక అడుగు "సర్దుబాటు"గా తీసుకున్నా ఆదివాసీ భూముల బదిలీని అడ్డుకునే 1956 నాటి రెండవ రెగ్యులేషనుకు విరుద్ధం. వారు ఇష్టపడి సంతకం చేసినా చెల్లదు. అక్కడ దడిని మీరే వెనక్కి జరుపుకోవడం ఒక్కటే దారి.

## 8. మాట కుదరనప్పుడు

చెట్టు పడిపోయేలా ఉంటే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద కార్యనిర్వాహక మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టవచ్చు. చుట్టుపక్కలవారి మీదో, దారినపోయేవారి మీదో పడి గాయపరిచే స్థితిలో ఉన్న చెట్టును తీయించమని, లేదా ఊతం పెట్టించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం వారికి ఉంది. దరఖాస్తుతో పాటు మొదలు పుచ్చు, వాలు, నేల పగుళ్ళ ఫొటోలు, చెట్టు నుంచి ఇంటికి ఉన్న దూరం జతచేయండి. ఆకులు రాలుతున్నాయని ఈ సెక్షను పట్టుకుంటే ఫలితం ఉండదు.

నష్టం, ఇబ్బంది అయితే. జిల్లా న్యాయ సేవా ప్రాధికార సంస్థకు వెళ్ళి, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగండి. ఇద్దరూ ఒప్పుకొని వచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను నంబరు 15100.

హద్దే ఒప్పుకోకపోతే. సివిల్ దావా తప్పదు. అప్పుడు నేల మీద కొలిచి నివేదిక ఇవ్వడానికి కమిషనరును నియమించమని కోర్టును అడగాలి. మీరు 3వ భాగంలో తయారు చేసుకున్న కొలతలు, ఫొటోలు అక్కడ పనికివస్తాయి. తీర్పు వచ్చేలోపు కొమ్మ కోయడం, గుంజ పాతడం రెండూ మానండి.

పోలీసు స్టేషను దడి పేచీకి మొదటి గుమ్మం కాకూడదు. కొట్టుకొనే పరిస్థితి వచ్చినప్పుడు వెళ్ళవలసిన చోటది.

## 9. కొత్తగా నాటేవారికి

పక్కవారి హద్దు నుంచి ఇంత దూరంలో నాటాలన్న ఒకే చట్టం మనకు లేదు. నేను పాటించే లెక్క సులభం: ఆ చెట్టును తోటలో నాటితే రెండు మొక్కల మధ్య ఎంత దూరం వదులుతారో, అందులో సగం గీత నుంచి వదలండి. కొబ్బరికి పన్నెండు అడుగులు పైగా, మామిడికి పదహారు అడుగులు. దడి మొక్కలను గీతకు రెండు అడుగులు లోపల పెడితే, అవతలి వైపు కోతకు కూడా మీ నేలలోనే నిలబడవచ్చు.

మేకలు, పశువులు తిరిగే చోట గన్నేరు వద్దు. పిల్లలు ఆడే చోట అడవి ఆముదం, అంటే ఒడియావారి బాయిగబ, వద్దు. దాని గింజలు విషం. సీమచింత, గోరింట, వావిలి కోతకు లొంగుతాయి. దడిని కింద వెడల్పుగా, పైన సన్నగా కత్తిరిస్తే అడుగున ఎండి కన్నాలు పడదు, కోళ్ళు దూరవు.

మొదటి మొక్క నాటే రోజు పురికొస కట్టి, టేపు పరిచి, పొరుగువారిని పిలిచి ఫొటో తీయండి. ఆ ఫొటోను పట్టాతో పాటు అదే సంచిలో పెట్టండి.